అప్‌డేట్: నేచురిస్ట్ క్యాంప్‌సైట్‌లో కాళ్లపై చారలుగా బొబ్బలు – కారణం దొరికింది

సలహాలిచ్చిన వారందరికీ ధన్యవాదాలు. బట్టలు లేకుండా గడిపే పల్లె క్యాంప్‌సైట్‌లో తొడలు, పిక్కల మీద గీతలుగా బొబ్బలు లేచాయని అడిగాను కదా, మొక్క రసం అన్నవారి మాటే నిజమైంది. వైల్డ్ పార్స్నిప్ (గొడుగులా పసుపు పూలు పూసే అడవి మొక్క) రసం అంటిన చోట ఎండ పడి చర్మం కాలిందని చర్మ డాక్టర్ తేల్చారు. ఇది అలర్జీ కాదు, ఎవరికైనా వస్తుంది. దాదాపు 24 గంటల తర్వాతే బయటపడుతుంది కాబట్టి కారణం చిక్కదు.

సన్‌స్క్రీన్, దోమల మందు, కూర్చునే తువ్వాలు: వీటికి ఈ బొబ్బలతో సంబంధమే లేదు.

రసం తగలగానే సబ్బు నీళ్లతో కడిగి, 48 గంటలు ఎండ సోకకుండా కప్పండి. బొబ్బలు చిదమొద్దు, చల్లని తడిగుడ్డ వేయండి. నల్లమచ్చలు నెలల తరబడి ఉండొచ్చు. పసుపు గొడుగుపూల పొదల్లోకి వెళ్లేటప్పుడు మాత్రం పొడవు ప్యాంటు తప్పనిసరి.