హాబీగా వేసే డిజైన్లతో నాలుగు రాళ్ళు సంపాదించినవాళ్ళు ఉన్నారా?

రాత్రిబొమ్మలు
అందరికీ నమస్తే. పగలు ఉద్యోగం. రాత్రి పిల్లలు పడుకున్నాక గంటో గంటన్నరో ట్యాబ్‌లో బొమ్మలు వేసుకుంటాను. మూడేళ్ళుగా ఇదే అలవాటు. స్టికర్లు, ప్లానర్ పేజీలు, పుట్టినరోజు కార్డులు, ఏది తోస్తే అది. చూసినవాళ్ళంతా "ఇవి అమ్మొచ్చు కదా" అంటారు, ఎలాగో మాత్రం ఎవరూ చెప్పరు. ఉద్యోగం మానే ఆలోచన లేదు, పైఖర్చులకు కాస్త ఆసరా అయితే చాలు. మీరు ఎక్కడ మొదలుపెట్టారు? మొదటి డబ్బు ఎలా వచ్చింది? చేసిన తప్పులు కూడా చెప్పండి, నాకు వాటితోనే ఎక్కువ పని.

గీతలగూడు
నా మొదటి డబ్బు తెలిసినవాళ్ళ దగ్గరే వచ్చింది, మొదటి నష్టమూ అక్కడే. ఒకావిడ తన చిన్న వ్యాపారానికి లోగో అడిగారు. ఎంత ఇవ్వమంటారంటే "మీ ఇష్టం" అన్నాను. పదకొండుసార్లు మార్పించారు. చివరికి వచ్చిన మెసేజ్ ఇప్పటికీ గుర్తుంది: "మొదట పంపిందే బాగుందండీ, అదే ఖాయం చేద్దాం." ఆవిడ తప్పేం లేదు. ఎన్నిసార్లు మార్చగలనో నేను చెప్పకపోతే ఆవిడకెలా తెలుస్తుంది? ఆ రాత్రే కూర్చుని ఒక మెసేజ్ రాసి దాచుకున్నాను. ఏ పని వచ్చినా ముందు అదే పంపుతాను:

"సగం అడ్వాన్స్. రెండు నమూనాలు చూపిస్తాను, ఒకటి ఎంచుకోండి. దాని మీద రెండు విడతల మార్పులు ఉచితం, ఆపైన విడతకి ఇంత. మిగతా సగం అందాక పూర్తి సైజు ఫైళ్ళు పంపుతాను. అప్పటిదాకా చూపించేవి చిన్న సైజులో, వాటర్‌మార్క్‌తో ఉంటాయి."

ఇది చూసి ఇద్దరు వెనక్కి తగ్గారు. మిగతావాళ్ళు మారు మాట్లాడకుండా ఒప్పుకున్నారు. అడగందే అమ్మైనా పెట్టదు. మొహమాటపడితే మన రాత్రులే పోతాయి.

కలంచుక్క
గీతలగూడు గారూ, మీ పద్ధతి మంచిదే కానీ నాకు పడలేదు. బేరాలంటేనే నాకు టెన్షన్. అందుకే స్టాక్ సైట్ల వైపు వెళ్ళాను, అంటే మన బొమ్మలు పెడితే కావలసినవాళ్ళు డబ్బిచ్చి డౌన్‌లోడ్ చేసుకునే సైట్లు. అడోబ్ స్టాక్‌లో బొమ్మ అమ్ముడైతే అందులో 33 శాతం మనకిస్తారు, 25 డాలర్లు జమ అయ్యాకే తీసుకోగలం. ఒక్కో డౌన్‌లోడ్‌కి వచ్చేది చాలా తక్కువ, ముందే చెబుతున్నాను. మొదటి కొన్ని నెలలు నాకు చిల్లర తప్ప ఏమీ రాలేదు.

మార్పు ఎక్కడొచ్చిందంటే, నాకు నచ్చిన పెద్ద పెద్ద దృశ్యాలు మానేసి ఒకే గీత తీరులో ముప్పై, నలభై చిన్న ఐకాన్ల సెట్లు చేయడం మొదలుపెట్టినప్పుడు. కొనేవాళ్ళకి ఒకదానికొకటి జతపడే బొమ్మలు కావాలి. కీవర్డ్స్, అంటే బొమ్మని వెతికేవాళ్ళు కొట్టే మాటల విషయంలో బద్ధకించకండి. ముఖ్యమైనవి మొదటి పదిలో ఉండాలి. ఏఐ టూల్‌తో చేసిన బొమ్మైతే అప్‌లోడ్ చేసేటప్పుడు ఆ సంగతి తెలపడం తప్పనిసరి, దాచిపెట్టొద్దు.

అచ్చుమరక
ప్రింట్‌కి వెళ్ళే పని చేసేవాళ్ళు ఇది చదవండి. నేనొక పోస్టర్ వేశాను. వెనక మెరిసిపోయే నీలం, మధ్యలో నియాన్ పచ్చ. స్క్రీన్ మీద కళ్ళు తిప్పుకోలేం. యాభై కాపీలు అచ్చయి వచ్చాయి, కట్ట విప్పగానే గుండె జారిపోయింది. నీలం బూడిదపట్టినట్టుంది, పచ్చ వెలిసిపోయింది. స్క్రీన్ రంగు వెలుగుతో పుడుతుంది, అచ్చు రంగు సిరాతో. స్క్రీన్ రంగుల పద్ధతి ఆర్‌జీబీ, అచ్చు సిరాల పద్ధతి సీఎంవైకే. ఆర్‌జీబీలో ఉన్న నియాన్ రంగులు సీఎంవైకేలో దొరకవు. ఖర్చంతా నేనే భరించి మళ్ళీ వేయించాను. ఇప్పుడు ముందు సీఎంవైకే ప్రీవ్యూ చూసుకుంటాను, ఒక్క కాపీ అచ్చు వేయించి చేత్తో పట్టుకుని చూశాకే మిగతావాటికి సరేనంటాను.

సైజు కూడా అంతే. ఏ4 కాగితానికి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) అంటే 2480 × 3508 పిక్సెల్స్. చిన్నగా గీసి తర్వాత సాగదీస్తే అంచులు మసకబారతాయి. చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ వదలండి, అంటే కత్తిరించే గీత దాటి కూడా రంగు నింపండి, లేకపోతే కత్తిరింపులో తెల్ల గీత మిగులుతుంది.

రాత్రిబొమ్మలు
అచ్చుమరక గారూ, చాలా థాంక్సండీ. నేను ప్రోక్రియేట్ అనే బొమ్మల యాప్‌లో వేస్తాను. పాతవన్నీ చిన్న కాన్వాస్‌లోనే ఉన్నాయి. అవి ఇక పనికిరావా?

అచ్చుమరక
ప్రోక్రియేట్‌లో గీసేది పిక్సెల్ బొమ్మే, అంటే చిన్న చిన్న చుక్కలతో చేసింది కాబట్టి పెద్ద పోస్టర్‌కి పనికిరావు. చిన్న స్టికర్లకి, స్క్రీన్ మీద వాడేవాటికి పనికొస్తాయి. ఇకనుంచి కాన్వాస్ మొదట్లోనే పెద్దది తీసుకోండి. ఒకదాని మీద ఒకటి వేసుకునే లేయర్ల (పొరల) సంఖ్య తగ్గుతుంది, దానికి అలవాటు పడాలి. లోగోల్లాంటివి వెక్టర్‌లో చేయండి, అది ఎంత సాగదీసినా మసకబారదు. దానికి ఇంక్‌స్కేప్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితమే.

అక్షరంముక్క
ఎవరూ ఫాంట్ల మాట ఎత్తలేదు, నేను దెబ్బ తిన్నది అక్కడే. ఊరికే డౌన్‌లోడ్ అయింది కదా అని ఒక ఫాంట్‌తో కార్డుల సెట్ చేసి అమ్మకానికి పెట్టాను. ఆ ఫాంట్ చేసినాయన నుంచి మర్యాదగానే మెయిల్ వచ్చింది. ఆ ఫాంట్ సొంత వాడకానికి మాత్రమేనట. ఫాంట్‌తో పాటు వచ్చిన జిప్‌లోని టెక్స్ట్ ఫైల్ తెరిస్తే మొదటి లైన్లోనే ఉంది, నేనే చూడలేదు. సెట్ మొత్తం వెనక్కి తీసి, క్షమాపణ చెప్పి, వేరే ఫాంట్‌తో మళ్ళీ కూర్చాను. ఓపెన్ ఫాంట్ లైసెన్స్ ఉన్నవాటితో డిజైన్లు చేసి అమ్ముకోవచ్చు, ఫాంట్ ఫైల్‌నే విడిగా అమ్మకూడదు. క్రియేటివ్ కామన్స్ (షరతులతో అందరూ వాడుకోనిచ్చే లైసెన్స్) బొమ్మల్లో ఎన్‌సీ, అంటే నాన్ కమర్షియల్ అని ఉంటే వ్యాపారానికి వాడొద్దు. మన బొమ్మని ఎవరైనా ఎత్తుకుపోతే మనకెంత కడుపు మండుతుందో, వాళ్ళకీ అంతే.

పేజీతిప్పు
రాత్రిబొమ్మలు గారూ, మీకు ప్లానర్ పేజీలు ఉన్నాయంటున్నారు కాబట్టి అక్కడే మొదలుపెట్టండి. ఒకసారి చేస్తే పదేపదే అమ్ముడయ్యే సరుకు అది. నేను ఎట్సీ అనే ఆన్‌లైన్ అంగడిలో పెడతాను. ఒక్కో లిస్టింగ్‌కి (అమ్మకానికి పెట్టే ఒక్కో సరుకుకి) 20 అమెరికన్ సెంట్లు, అది నాలుగు నెలలు ఉంటుంది. అమ్మకం మీద 6.5 శాతం, పేమెంట్ ఛార్జీలు వేరే. ధర పెట్టేముందు ఇవన్నీ తీసేసి చూసుకోండి. ఒక లిస్టింగ్‌కి అయిదు ఫైళ్ళే, ఒక్కోటి 20 ఎంబీ దాటకూడదు.

ఒక్క మాట మనసులో పెట్టుకోండి. నా మొదటి ప్లానర్‌లో పక్కన పన్నెండు నెలల ట్యాబులు పెట్టాను, నొక్కితే ఆ నెలకి వెళ్ళాలి. కొన్నావిడ రాశారు: "మార్చి నొక్కితే మే వస్తోందండీ." వెతికితే, మార్చి పేజీ కాపీ చేసి మే తయారుచేసినప్పుడు లింకులు కలగలిసిపోయాయి. అప్పటికే తొమ్మిదిమంది కొన్నారు. అందరికీ సరిచేసిన ఫైల్ పంపి, ఒక స్టికర్ల షీట్ అదనంగా ఇచ్చాను. అందులో ముగ్గురు మళ్ళీ వచ్చి కొన్నారు. ఇప్పుడు ప్రతి లింకూ ట్యాబ్లెట్‌లోనూ ఫోన్‌లోనూ నొక్కి చూస్తాను. ప్లానర్‌కి రెండు రాత్రులు పడుతుంది, పట్టనివ్వండి.

గీతలగూడు
ఇంకోటి మర్చిపోయాను. మీ ఉద్యోగ ఒప్పందంలో పక్క ఆదాయం గురించి ఏముందో చదవండి. వచ్చిందీ పోయిందీ మొదటి రోజు నుంచే రాసుకోండి, పన్నుల వేళ వెతుక్కోనక్కర్లేదు.

రాత్రిబొమ్మలు
ఆరు వారాల తర్వాత వస్తున్నాను. పాత బొమ్మల్లో సైజు సరిపోయినవి మాత్రం విడిగా తీశాను. వారం ప్లానర్ ఒకటి చేసి, పేజీతిప్పు గారు చెప్పినట్టు లింకులన్నీ నొక్కి చూశాను. రెండు తప్పు దొరికాయి! నాలుగు అమ్ముడయ్యాయి. మొదటిది అమ్మినట్టు ఫోన్ మోగినప్పుడు అర్ధరాత్రి దాటింది, ఇంట్లోవాళ్ళని లేపి మరీ చూపించాను. కొన్నవాళ్ళలో ఒకరు వారం ఆదివారంతో మొదలయ్యేది ఉందా అని అడిగారు. లేదు, నాది సోమవారంతో మొదలవుతుంది. ఈ రాత్రి అదే చేస్తున్నాను.