కోతల రోజుల్లో ఆగమన కాలం: ఇంట్లో ఎలా మొదలుపెట్టాలి?

రాజోలు సిస్టర్:
అందరికీ వందనాలండి. డిసెంబరు వస్తే బట్టలు, స్టారు, పిండివంటలు, క్యారల్స్‌తోనే నెల అయిపోతోంది. వాక్యం దగ్గర కూర్చునేది 24 రాత్రే. ఈసారి ఆగమన కాలం (క్రిస్మస్ కోసం ఎదురుచూసే, పండుగకి ముందు నాలుగు ఆదివారాల కాలం) మొదటినుంచే కుటుంబ ప్రార్థన పెట్టుకోవాలని ఉంది. అవి సార్వా (వానాకాలం పంట) కోతల రోజులు, మగవాళ్లు చీకటి పడ్డాకే వస్తారు. పిల్లలకి ఎనిమిది, పదమూడేళ్లు. ఎప్పుడు మొదలుపెట్టాలి, ఏం చదవాలి?

పాలకొల్లు ఉపదేశి:
2026లో క్రిస్మస్ శుక్రవారం వచ్చిందమ్మా. ఆగమన ఆదివారాలు నవంబరు 29, డిసెంబరు 6, 13, 20. నవంబరు 29 రాత్రే మొదలుపెట్టండి. స్నానాలయ్యాక, అన్నానికి ముందు, పది నిమిషాలు. అన్నం తిన్నాక అనుకుంటే చిన్నపిల్లలు నిద్రపోతారు, పొద్దుపోయాక క్యారల్స్ వాళ్లు వచ్చేస్తారు.

లూకా 24 అధ్యాయాలు రోజుకొకటి చదవమని చాలామంది చెబుతారు. కోతల ఇంట్లో అది సాగదు. మొదటి అధ్యాయమే 80 వచనాలు. పైగా రెండో రోజుకే పశువుల తొట్టె అయిపోయి, పండుగ వారమంతా సిలువ దగ్గరికి నడుస్తాం. అందుకని వారానికి ఒకే భాగం తీసుకుని రోజూ అదే చదవండి. మొదటి వారం యెషయా 9:2-7, తర్వాత లూకా 1:5-25, ఆపైన లూకా 1:26-56, నాలుగో వారం మత్తయి 1:18-25. 24 రాత్రి లూకా 2:1-20. వారమంతా అదే వింటే ఎనిమిదేళ్ల పిల్లకైనా నోటికి వస్తుంది. పెద్దపిల్ల చదవాలి, చిన్నది తన మాటల్లో చెప్పాలి. పెద్దల వివరణ మూడు నిమిషాలు దాటితే ప్రసంగమైపోతుంది, పిల్లలు రెండో వారానికే తప్పించుకు తిరుగుతారు.

రెండో వారం చదివే జెకర్యా భాగం (లూకా 1:5-25) మాత్రం వదలకండి. ఏళ్లతరబడి బిడ్డ కోసం ప్రార్థించినవాడు జవాబు వచ్చిన రోజు నమ్మలేకపోయాడు. ఎదురుచూడడం ఎంత కష్టమో పిల్లలకి అక్కడే అర్థమవుతుంది.

రాజోలు సిస్టర్:
ఆగమన కాలంలో వారానికొకటి చొప్పున కలుపుతూ వెలిగించే నాలుగు కొవ్వొత్తులు తప్పనిసరా అండి? మాది బ్రదరన్ సంఘం.

భీమవరం మార్త:
తప్పనిసరి కాదు సిస్టర్. అది ఎక్కువగా లూథరన్, సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) వాళ్ల అలవాటు. మీ సంఘంలో లేకపోతే వాక్యం చాలు. పెడితే మాత్రం నాలుగూ ఒకే లావువి కొనకండి. మొదటి వారానిది నవంబరు 29 నుంచి డిసెంబరు 24 దాకా 26 రాత్రులు, పది నిమిషాల చొప్పున నాలుగు గంటలకు పైగా వెలగాలి. సన్న కొవ్వొత్తి మధ్యలోనే అయిపోతుంది. దానికి లావుది తీసుకోండి. ఇత్తడి పళ్లెంలో ఇసుక పోసి గుచ్చితే పడిపోవు. ఆ పది నిమిషాలూ ఫ్యాను ఆపండి, రిబ్బన్లు చుట్టొద్దు.

ఇంకోటండి, సాయంత్రాలు ఖాళీ ఉండాలంటే పనులు ముందుకు జరపాలి. బట్టలు నవంబరు 15కల్లా టైలరుకి ఇచ్చేయండి, తర్వాత ఇస్తే 24 రాత్రి దాకా ఆ షాపు చుట్టూ తిరగాల్సిందే. అరిసెలు డిసెంబరు 19, శనివారం పగలే కానివ్వండి. బియ్యం ముందురోజే నానబెట్టాలి. పాకం లేతగా ఉంటే నూనెలో విచ్చిపోతాయి, ముదిరితే గట్టిపడతాయి. గాలి తగలని డబ్బాలో పండుగ దాటేదాకా ఆగుతాయి.

పాలకొల్లు ఉపదేశి:
మార్తమ్మగారు చెప్పినదానికి తోడు, లేనివాళ్లకి ఇవ్వడానికి పిడికెడు బియ్యం తీసిపెట్టడం కూడా మొదలుపెట్టండి. రెండుపూటలా వండేముందు పిల్లల చేత ఒక్కో పిడికెడు తీయించి డబ్బాలో వేయించాలి. పిడికెడు యాభై గ్రాములనుకుంటే డిసెంబరు 23 దాకా 25 రోజులకి 2.5 కిలోలు. డబ్బా బాగా ఎండాలి, తడి ఉంటే ముక్కిపోతాయి. పురుగు పట్టకుండా నాలుగు ఎండు వేపాకులు వేయండి. ఎవరికివ్వాలో మొదటి ఆదివారమే ఇంట్లో అనుకుని, రోజూ ఆ ఇంటివాళ్ల పేరు పెట్టి ప్రార్థించండి. 23వ తేదీనే ఇచ్చెయ్యాలి, వాళ్లు పండుగ రోజు వండుకోవాలి కదా.