బైపీసీ పిల్లకు లెక్కలు ఎంతవరకు రావాలి?

కావలి నుంచి ఒక తండ్రి:
మా అమ్మాయి టెన్త్ పాసయింది. సైన్సులో మంచి మార్కులే, లెక్కల్లో 100కి 58. చిన్నప్పటి నుంచి డాక్టర్ అవుతానంటుంది. "బైపీసీలో లెక్కలుండవు కదా నాన్నా, ఇక ఆ పీడ వదిలింది" అని లెక్కల పుస్తకం పాత పేపర్లవాడికి వేసేసింది. మా బావమరిదేమో ఇంటర్ బోర్డు 2025-26 నుంచి తెచ్చిన ఎంబైపీసీలో (బైపీసీకి లెక్కలు కూడా కలిపిన గ్రూపు) చేర్చమని పట్టుబడుతున్నాడు. అటు ఇంజనీరింగుకీ ఇటు మెడిసిన్‌కీ పనికొస్తుందంటాడు. అసలు డాక్టరు చదువుకి లెక్కలు ఎంతవరకు కావాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

రిటైర్డ్ లెక్కల మాస్టారు, ఒంగోలు:
బాబూ, ముందు ఆ పుస్తకం మళ్లీ కొనండి. నీట్‌లో 180 ప్రశ్నలు. అందులో 45 ఫిజిక్స్, 45 కెమిస్ట్రీ. క్యాలిక్యులేటర్ ఇవ్వరు, తప్పు రాస్తే ఒక మార్కు పోతుంది. ఫిజిక్స్‌లో వెక్టర్లు, సైన్‌, కాస్‌, కొంచెం కాలిక్యులస్. కెమిస్ట్రీలో మోల్ లెక్కలు, పీహెచ్ అంటేనే లాగరిథమ్. 2025లో ఫిజిక్స్ పేపర్ ఎంత కష్టంగా వచ్చిందో ఆ పరీక్ష రాసిన పిల్లల్ని అడగండి. బయాలజీ మీద ఇష్టంతో బైపీసీలో చేరితే సంతోషం. లెక్కలంటే భయపడి చేరితే ఆ భయం ఫిజిక్స్ రూపంలో మళ్లీ ఎదురొస్తుంది. నన్నడిగితే ఎంబైపీసీయే నయం.

ఎంబీబీఎస్ థర్డ్ ఇయర్, నెల్లూరు:
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నా, ఎంబైపీసీ మాట ఒప్పుకోలేను. నేను బైపీసీ నుంచే వచ్చా. నీట్ ఫిజిక్స్‌కి కావలసిన లెక్కలు మా కాలేజీలో మొదటి మూడు వారాల్లోనే "బేసిక్ మ్యాథ్స్" అని చెప్పేశారు. ఇంటర్ లెక్కల్లోని పరావలయాలు, దీర్ఘవృత్తాల వైపు నీట్‌లో ఎవరూ వెళ్లరు. పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్లుండే హాస్టల్లో ఇంకో సబ్జెక్టు నెత్తిన పెడితే బయాలజీ 360 మార్కులకు గండి పడుతుంది. మెడికల్ కాలేజీలో చేరాక నాకు ఇంటిగ్రేషన్‌తో ఒక్కరోజు కూడా పని పడలేదు. పీఎస్‌ఎంలో (జనారోగ్యం గురించి చెప్పే సబ్జెక్టు) స్టాటిస్టిక్స్ ఉంది గానీ, శాతాలు తెలిస్తే అది వచ్చేస్తుంది.

మాస్టారు:
శాతాలు తెలిస్తే చాలన్నావు గదా అబ్బాయ్. వెయ్యి మందిలో పది మందికి జబ్బుంది. టెస్టు, జబ్బున్నవాళ్లలో నూటికి 90 మందిని పట్టుకుంటుంది. జబ్బు లేనివాళ్లలో నూటికి 10 మందికి ఉందని తప్పు చెప్తుంది. ఒకతనికి పాజిటివ్ వచ్చింది. నిజంగా జబ్బు ఉండే అవకాశం ఎంత?

థర్డ్ ఇయర్:
చూడగానే 90 శాతం అనుకున్నాను మాస్టారూ. కాగితం మీద వేస్తే జబ్బున్నవాళ్లు 9 మంది, లేకుండానే పాజిటివ్ వచ్చినవాళ్లు 99 మంది. 108లో 9, అంటే నూటికి ఎనిమిదే. ఇది బాగా రావాల్సిందే, ఒప్పుకుంటున్నా. కానీ ఇందులో ఉన్నది ఏడో తరగతి లెక్కే, ఎంబైపీసీ కాదు.

బీఫార్మసీ విద్యార్థిని, కందుకూరు:
మా బీఫార్మసీలో బైపీసీ నుంచి వచ్చినవాళ్లకు మొదటి సెమిస్టర్లో రెమెడియల్ మ్యాథమెటిక్స్ అనే పేపరే ఉంది. తప్పించుకుందామనుకున్నవాళ్లకు ఇది తెలియాలి.

స్టాఫ్ నర్సు, నెల్లూరు:
మీరంతా పరీక్షల గురించి మాట్లాడుతున్నారు. నేను వార్డు గురించి చెప్తాను. జ్వరంతో ఎనిమిది కిలోల బిడ్డ వస్తే పారాసెటమాల్ కిలోకి 15 మిల్లీగ్రాముల లెక్కన 120 కావాలి. ఒక సిరప్‌లో 5 ఎం.ఎల్.కి 120 ఉంటుంది, ఇంకోదాంట్లో అదే 5 ఎం.ఎల్.కి 250. డ్రాప్స్ అయితే ఒక్క ఎం.ఎల్.లోనే 100. అంటే ఒకే బిడ్డకి ఒక సీసాలోది 5 ఎం.ఎల్., ఇంకోదాంట్లోది 2.4, డ్రాప్స్ అయితే 1.2. ఒకసారి ఒక తల్లి డ్రాప్స్‌ని సిరప్ మూతతో కొలిచి 5 ఎం.ఎల్. పట్టింది. 500 మిల్లీగ్రాములు, నాలుగు రెట్ల పైనే. టైముకి తీసుకొచ్చింది కాబట్టి సరిపోయింది. ఆ రాత్రి ఆమె చెయ్యి వణుకుతూనే ఉంది, నేను పక్కనే కూర్చున్నాను.

సెలైన్ కూడా అంతే. 500 ఎం.ఎల్. నాలుగు గంటల్లో వెళ్లాలంటే, ఎం.ఎల్.కి 20 చుక్కల సెట్టు మీద నిమిషానికి 42 చుక్కలు. రాత్రి రెండింటికి నిద్రకళ్లతో గడియారం చూస్తూ ఈ లెక్క వెయ్యాలి. ఇన్సులిన్ ఇంకా ప్రమాదం. ఎం.ఎల్.కి 40 యూనిట్ల సీసాకి ఎర్ర మూత సిరంజి, 100 యూనిట్లదానికి నారింజ మూత సిరంజి. మారిపోతే డోసే మారిపోతుంది. మీ అమ్మాయికి ఈ మూడు లెక్కలు తడబడకుండా వస్తే చాలు, నేను ధైర్యంగా పంపమంటాను.

ఫిజీషియన్, ఒంగోలు:
నర్సమ్మ చెప్పింది అక్షరాలా నిజం. ఇంకొకటి చేరుస్తాను. కిడ్నీ జబ్బులతో మా ఓపీకి వచ్చేవాళ్లు తక్కువేం కాదు. డెబ్బై ఏళ్ల అవ్వ, 45 కిలోలు, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) 1.4. కొంచెమే ఎక్కువ కదా అనిపిస్తుంది. కిడ్నీలు నిమిషానికి ఎన్ని ఎం.ఎల్. రక్తాన్ని శుభ్రం చేస్తున్నాయో అంచనా వేయడానికి 140లోంచి వయసు తీసి, బరువుతో గుణించి, 72 రెట్ల క్రియాటినిన్‌తో భాగించి, ఆడవాళ్లు కాబట్టి 0.85తో గుణిస్తే 27 కూడా రాదు. చాలా మందులు తగ్గించాల్సిన స్థితి అది. "ఫోన్లో యాప్ ఉంది కదా" అంటారు పిల్లలు. యాప్‌లో 70 బదులు 7 కొట్టినా అది ఏదో ఒక అంకె ఇస్తుంది. ఆ అంకె తప్పని మనకే తట్టాలి. ఎంబైపీసీ అవసరం లేదనే నా అభిప్రాయం. పిల్లకు లెక్కలంటే ఇష్టముంటే తప్ప ఆ బరువు వద్దు. టెన్త్ లెక్కలు మాత్రం గట్టిగా ఉండాలి, 58 చాలదు.

మాస్టారు:
డాక్టరు గారు చెప్పాక ఎంబైపీసీ సంగతి వదిలేస్తున్నా. కానీ ఈ రెండు నెలల సెలవుల్లో నిష్పత్తులు, ఘాతాంకాలు, లాగరిథమ్స్ రోజుకి గంట చేయించండి.

కావలి తండ్రి:
అందరికీ నమస్కారం. ఇవన్నీ అమ్మాయికి చదివి వినిపించాను. ఇన్సులిన్ దగ్గరికి వచ్చేసరికి లేచి వెళ్లి ఫ్రిజ్‌లోంచి వాళ్ల నాయనమ్మ మందు తెచ్చింది. సీసా మీద 40 అని ఉంది. మెడికల్ షాపులో ఇచ్చిన సిరంజికి నారింజ మూత. ఆర్నెల్లుగా 20 గీత దాకా ఇస్తున్నాం. పిల్ల కాగితం మీద వేసి చూపించింది: ఆ గీత దగ్గర 0.2 ఎం.ఎల్., దాన్ని 40తో గుణిస్తే 8 యూనిట్లే. షుగర్ ఎందుకు తగ్గడం లేదా అని ఇన్నాళ్లూ అమ్మని తిండి విషయంలో తిడుతున్నాం. నాకు చాలా బాధగా ఉంది. ఈ రాత్రి నుంచే ఎర్ర మూత సిరంజి తెచ్చి 20 ఇవ్వమంటారా?

ఫిజీషియన్, ఒంగోలు:
వద్దండీ. ఆవిడను చూసే డాక్టరుకి ఇప్పుడే ఫోన్ చేయండి. షుగర్ దిగడం లేదని ఆయన డోసు పెంచుతూ 20కి తెచ్చి ఉంటే, ఆ అంకె ఈ తప్పు సిరంజి మీద తేలిందే. ఒక్కసారిగా రెండున్నర రెట్లు పడితే షుగర్ పడిపోతుంది, ఆ వయసులో అది ఇంకా ప్రమాదం. ఈ పూట ఎంత ఇవ్వాలో ఆయన్నే అడగండి. సీసా, సిరంజి చేతిలో పెట్టుకుని మాట్లాడండి. లెక్క మాత్రం మీ అమ్మాయినే చెప్పమనండి.