వేలు పెట్టి చూసే ఫోన్ యాప్‌ను ఎంతవరకు నమ్మాలి?

కొత్త_సభ్యుడు: కెమెరా మీద వేలు పెడితే యాప్ "లయ క్రమంగా లేదు" అని చూపిస్తే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (ఏఎఫ్, గుండె పై గదులు అడ్డదిడ్డంగా కొట్టుకునే జబ్బు) ఉన్నట్టేనా?

లయగతి: కాదు. కెమెరాకు గుండెలోని విద్యుత్తు అందదు. ఫ్లాష్ వెలుగులో వేలికొసకు రక్తం వచ్చిపోయేటప్పుడు మారే ఎరుపును మాత్రమే కొలుస్తుంది. ఎక్టోపిక్ బీట్లు (మధ్యలో ముందుగా పడే అదనపు గుండె దెబ్బలు) తరచుగా పడ్డా, వేలు కదిలినా అదే హెచ్చరిక. 2019 ఆపిల్ హార్ట్ స్టడీలో హెచ్చరిక వచ్చి, ప్యాచ్ (ఒంటికి అంటించుకునే ఈసీజీ పరికరం) పెట్టుకుని తిప్పి పంపిన 450 మందిలో ఏఎఫ్ కనిపించింది 34 శాతానికే. మిగతావన్నీ ఉత్త భయాలు.

తరంగిణి: ఆ 34 అర్థం అది కాదండీ. ప్యాచ్ అంటించింది హెచ్చరిక వచ్చాక దాదాపు రెండు వారాలకు. ఏఎఫ్ వస్తూ పోతూ ఉంటుంది, ఆలోగా తగ్గిపోయి ఉండొచ్చు. ప్యాచ్ ఉండగానే మళ్లీ వచ్చిన హెచ్చరికల్లో 84 శాతం ఏఎఫ్‌తో సరిపోయాయి.

పి_తరంగం: అది వాచీ అధ్యయనం. అడిగింది ఫోన్ గురించి.

తరంగిణి: సూత్రం ఒకటే, ఫోన్‌లో చూసే పద్ధతి ముఖ్యం. ఐదు నిమిషాలు కూర్చుని, మోచెయ్యి బల్లమీద ఆనించి, వేలు లెన్సునూ ఫ్లాష్‌నూ కప్పేలా తేలిగ్గా పెట్టాలి. గట్టిగా నొక్కితే సన్న రక్తనాళాలు మూసుకుపోయి సిగ్నల్ పోతుంది. చేతులు చల్లగా ఉంటే ముందు వెచ్చబరుచుకోవాలి. నిమిషం చొప్పున మూడుసార్లు చూడండి. మూడుసార్లూ అదే చెబితే ఈసీజీ తీయించుకోవాలి. సింగిల్ లీడ్‌దైనా (ఒకే కోణంలో తీసినదైనా) 30 సెకన్ల పట్టీలో పి తరంగాలు (పై గదుల సంకేతాలు) లేకుండా ఆర్ఆర్ దూరాలు (ఒక గుండె దెబ్బకూ తర్వాతి దానికీ మధ్య ఎడాలు) అడ్డదిడ్డంగా ఉంటేనే, అదీ డాక్టర్ చూశాకే, నిర్ధారణ.

లయగతి: మరి ఏట్రియల్ ఫ్లట్టర్ (పై గదులు మరీ వేగంగా, కానీ క్రమంగా కొట్టుకోవడం)? 2:1గా, అంటే పై గదుల రెండు దెబ్బలకు ఒకటే కింది గదులకు దిగితే నాడి 150 దగ్గర, పూర్తిగా క్రమంగా ఉంటుంది. యాప్ "లయ బాగుంది" అంటుంది. దీనికి జవాబు లేదు కదా?

తరంగిణి: కూర్చుని ఉండగా 150 ఉంటే లయతో పని లేకుండానే డాక్టర్ దగ్గరకు వెళ్లాలి. మీరు ప్రతి చర్చలోనూ పరికరాన్ని తీసిపారేస్తారు, తర్వాత ఏం చెయ్యాలో ఒక్కసారీ చెప్పరు!

పి_తరంగం: ఛాతీనొప్పి, స్పృహ తప్పడం ఉంటే యాప్ తెరవొద్దు. నేరుగా ఎమర్జెన్సీకే.

లయగతి: తర్వాత ఏమవుతుందన్నదే నా బాధ! హెచ్చరిక, ఈసీజీ, వెంటనే స్ట్రోకు రాకుండా బ్లడ్ థిన్నర్ (రక్తం గడ్డకట్టనివ్వని మందు). 2021 లూప్ అధ్యయనంలో 70 దాటినవాళ్లకు చర్మం కింద రికార్డర్ పెట్టి వెతికితే ఏఎఫ్ 31.8 శాతానికి దొరికింది, మామూలుగా చూసినవాళ్లలో 12.2. అయినా స్ట్రోకులు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. 2023 ఆర్టీసియా అధ్యయనంలో అపిక్సబాన్ అనే బ్లడ్ థిన్నర్‌తో స్ట్రోకులు తగ్గాయి, పెద్ద రక్తస్రావాలు పెరిగాయి. దొరికిన ప్రతి ఏఎఫ్‌కూ మందు వేస్తే నష్టపోయేది రోగే.

తరంగిణి: ఈ మాట మొదటే చెప్పాల్సింది. లూప్ రికార్డర్ రాత్రింబవళ్లు చూస్తుంది, ఆరు నిమిషాల ఏఎఫ్‌నూ పట్టుకుంటుంది. రోజుకు నిమిషం చూసే ఫోన్‌కు దొరికిందంటే ఏఎఫ్ చాలాసేపు ఉంటున్నట్టే. రెండూ ఒకే జబ్బు కాదు.

లయగతి: ఎప్పుడంటే అప్పుడు చూస్తే మీ లెక్క నిజం. జనం యాప్ తెరిచేది గుండె దడగా ఉన్నప్పుడే. అప్పుడు పది నిమిషాల ఏఎఫ్ కూడా దొరుకుతుంది.

తరంగిణి: ఒప్పుకుంటాను. అయితే ప్రతి రీడింగ్ పక్కన దడ ఉందో లేదో, ఎంతసేపు ఉందో రాయమందాం. మందు సంగతి వయసు, బీపీ, షుగర్, పాత స్ట్రోకు చూసి డాక్టర్ తేలుస్తారు.

లయగతి: రక్తస్రావం ముప్పు కూడా ఆ లెక్కలో వెయ్యాలి. అది వదిలేస్తే నేను ఒప్పుకోను.