80 వేగం, 300 మీటర్ల మలుపు: ట్రాన్సిషన్ ఎంత పెట్టాలి?

సివిల్_ఫైనల్:
రెండు లేన్ల రోడ్డు, మైదాన ప్రాంతం, డిజైన్ వేగం గంటకు 80 కి.మీ., రేడియస్ 300 మీటర్లు. ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) పద్ధతిలో వేగం స్క్వేర్‌ని 225 ఇంటూ రేడియస్‌తో భాగిస్తే సూపర్ ఎలివేషన్ (మలుపులో బయటి అంచు లేపి పెట్టే అడ్డ వాలు) 0.095, అంటే 9.5 శాతం వచ్చింది. 7 శాతం దాటకూడదు కదా, మరి బండిని బయటికి తోసే మిగతా బలాన్ని ఏది ఆపుతుంది? ట్రాన్సిషన్ (తిన్నని రోడ్డు నుంచి మలుపులోకి మెల్లగా తిప్పే ముక్క) పొడవు కూడా మూడు లెక్కల్లో 71, 80, 58 మీటర్లు వచ్చింది. సగటు తీసుకోవచ్చా? రేపు వైవా, టెన్షన్‌గా ఉంది.

రోడ్డు_డిజైన్:
సగటు వద్దు తమ్ముడూ, పెద్దదే తీసుకో. మిగతాది టైర్ల రాపిడి ఆపుతుంది. వేగం స్క్వేర్‌ని 127 ఇంటూ 300తో భాగిస్తే 0.168, అందులో 0.07 పోతే 0.098. రాపిడికి 0.15 దాకా ఒప్పుకుంటారు కాబట్టి వేగం తగ్గించక్కర్లేదు. 7 దగ్గర ఎందుకు ఆపారంటే, అదే రోడ్డు మీద గడ్డి ఎత్తుగా వేసుకున్న ట్రాక్టరు కూడా నెమ్మదిగా వెళ్తుంది, వాలు మరీ ఎక్కువైతే అది లోపలివైపు ఒరిగిపోతుంది.

71 అనేది పక్కకు తోసే బలం ఒక్కసారిగా మీద పడకుండా ఉండటానికి. 80 బయటి అంచు లేపడానికి: మలుపులో అదనపు వెడల్పు 0.6 కలిపి 7.6 మీటర్లు, దానికి 7 శాతమంటే 53 సెం.మీ., 150 మీటర్ల పొడవుకు 1 మీటరు చొప్పున లేపితే 80 మీటర్లు. ఇది లోపలి అంచు కదలకుండా తిప్పితేనే. సెంటర్ లైన్ చుట్టూ తిప్పితే 40 చాలు, అప్పుడు 71 పెట్టాలి, కానీ లోపలి అంచు 27 సెం.మీ. దిగిపోతుంది. చుట్టూ పల్లపు పొలాలుంటే అక్కడి నీళ్లు ఎటు పోతాయో ముందు చూసుకో.

సివిల్_ఫైనల్:
థాంక్స్ అన్నా. అయితే 120 పెట్టేస్తే ఇంకా సేఫ్ కదా?

సైట్_లో_ఉన్నా:
కాదండీ, చాలామంది ఇక్కడే పొరబడతారు. తిన్నని రోడ్డులో బయటి సగం బయటికి వాలి ఉంటుంది, దాన్ని లోపలికి తిప్పేటప్పుడు మధ్యలో ఎక్కడో అడ్డ వాలు సున్నా అవుతుంది. ఎంత నిదానంగా తిప్పితే ఆ చదును ముక్క అంత పొడుగవుతుంది, అక్కడే రోడ్డు పొడవునా కూడా వాలు లేకపోతే వాన నీళ్లు పల్చగా నిలిచి, స్పీడుగా వచ్చే కారు టైర్లు నీటి మీద తేలిపోతాయి. పొడవు 80 దగ్గరే ఉంచి, ఆ సున్నా పడే చైనేజీలో (రోడ్డు పొడవునా కొలిచిన ఆ చోట) ప్రొఫైల్ వాలు, అంటే రోడ్డు పొడవునా ఉండే వాలు, కనీసం 0.5 శాతం ఉందో లేదో చూడండి, లేకపోతే ప్రొఫైల్ మార్చండి.