అర్మీనియస్ విమోచకుడా, నమ్మకద్రోహా?

పాతరాయి: క్రీ.శ. 9లో ఇప్పటి జర్మనీలోని టొయ్టోబుర్గ్ అడవిలో మూడు రోమన్ లీజియన్లను (వేలమంది ఉండే సైనిక దళాలను) చెరుస్కి తెగ నాయకుడు అర్మీనియస్ తుడిచిపెట్టాడు. అందరూ వీరుడంటారు, నేను ద్రోహి అంటాను. రోమ్ పౌరసత్వం పుచ్చుకున్నాడు, గవర్నర్ వారుస్ పక్కన కూర్చుని భోంచేశాడు, ఆ మనిషినే తెలియని దారి పట్టించి చావుదాకా తెచ్చాడు.

గోదారిగట్టు: ఆ తెగల మీద పన్నులు, రోమన్ తీర్పులు రుద్దింది ఎవరండీ? వారుసే కదా! నేల వాళ్లది. ఆక్రమించినవాడికి ఇచ్చిన మాటకి విలువేంటి?

పాతరాయి: మాట మాటే. నా షాపులో పని నేర్చుకున్న కుర్రాడే నా కస్టమర్లను లాక్కుని ఎదురుగా షాపు పెట్టాడు. ఆ నొప్పి పడ్డవాడికే తెలుస్తుంది.

నీలిమేఘం: ముందు యుద్ధం జర్మన్ ఊరు కాల్‌క్రీజెలోనే జరిగిందా, అది తేల్చండి.

పాతరాయి: వారుస్ ముద్ర కొట్టిన నాణేలు అక్కడే దొరికాయి. ఇంకేం కావాలి?

నీలిమేఘం: తర్వాత వచ్చిన రోమన్ సేనాని జెర్మానికస్ సైనికుల జేబుల్లోనూ అవే ఉండొచ్చు.

గోదారిగట్టు: చోటు సంగతి వేరే థ్రెడ్‌లో పెట్టుకోండి. పాతరాయి గారూ, ఆ కుర్రాడి ఊరిని మీరు ఆక్రమించారా?

పాతరాయి: జర్మనీలోని బాన్ మ్యూజియంలో సెంచూరియన్ (రోమన్ దళాధికారి) మార్కస్ కైలియస్ స్మారక రాయి ఉంది. ఛాతీ నిండా పతకాలు, చేతిలో ద్రాక్షతీగ కర్ర. వారుస్ యుద్ధంలో పోయాడు, వయసు 53 దాటింది. సోదరుడు శవం లేకుండానే రాయి నిలబెట్టాడు. ఆయన ఎవరి నేల లాక్కున్నాడు?

గోదారిగట్టు: సైన్యంతో వచ్చాడుగా, చాలదా!

తంగేడు: ఇంత కొట్టుకుంటున్నారు, థుస్నెల్డా పేరు ఒక్కరూ ఎత్తరేం? అర్మీనియస్ భార్య. తండ్రి సెగెస్టెస్ రోమ్ పక్షం. క్రీ.శ. 15లో గర్భిణి అయిన కూతుర్ని జెర్మానికస్‌కి అప్పగించాడు. ఏడవకుండా, ఒక్క మాట బతిమాలకుండా, కడుపు వైపు చూస్తూ నిలబడిందని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. 17లో ఆమెని, పసివాణ్ణి రోమ్‌లో ఊరేగిస్తుంటే ఆ తండ్రి అతిథిగా కూర్చుని చూశాడు. ఆయన రోమ్‌కిచ్చిన మాట తప్పలేదు. మీ లెక్కలో మంచివాడేనా?

పాతరాయి: వేరొకరికి నిశ్చయమైన పిల్లని ఎత్తుకుపోయింది అర్మీనియస్.

తంగేడు: అందుకని కన్నబిడ్డని శత్రువుకి ఇస్తారా? మాట అంటూ మీరు కాపాడేది బలవంతుడికి ఇచ్చిన మాటనే.

గోదారిగట్టు: నేను మొదట్నుంచీ చెబుతున్నది అదే!

తంగేడు: మీరూ ఆగండి. రాజు కాబోతున్నాడని క్రీ.శ. 21లో అర్మీనియస్‌ని చంపింది సొంత బంధువులే.

గోదారిగట్టు: అది రోమన్లు రాసిన మాట. చెరుస్కీల రాత ఒక్కటీ మిగల్లేదు.

పాతరాయి: జర్మనీ విమోచకుడని రాసిందీ ఆ టాసిటసే. అది మాత్రం నమ్ముతారు! తంగేడు గారూ, నేనైతే కూతుర్ని ఇవ్వను. అర్మీనియస్ మాత్రం ద్రోహే.