కట్ సరిగా రాకపోతే మెషిన్ అమ్మేయాలా, సెట్టింగ్ చూసుకోవాలా?

అనంత_కుర్రోడు (అనంతపురం):
అందరికీ నమస్తే. 28 ఇంచుల కటింగ్ ప్లాటర్, అంటే స్టిక్కర్ షీటుని బ్లేడుతో కోసే మెషిన్ ఒకటి, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. పేరున్న కంపెనీది కాదు, స్టెప్పర్ మోటారు. బండ్ల స్టిక్కర్లు, షాపుల అద్దాల మీద పేర్లు చేద్దామని. పని ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నా.

ఎడమ వైపు చక్కగా తెగుతుంది. కుడి వైపు సగం సగమే. ఫోర్సు (బ్లేడు నొక్కే బలం) పెంచితే కుడి వైపు తెగుతుంది కానీ ఎడమ వైపు వెనక పేపర్ కూడా కోసుకుపోతుంది. ఇంగ్లిష్ అక్షరాల మూలలు గుండ్రంగా వస్తున్నాయి. తెలుగు అక్షరాల లోపల అడ్డగీతలు పడుతున్నాయి. ఇవి చాలవన్నట్టు అప్పుడప్పుడు పని మధ్యలో ఆగిపోతుంది.

చూసిన మెకానిక్ "బోర్డు పోయింది, దీని మీద డబ్బులు పెట్టొద్దు" అన్నాడు. అమ్మేసి, కొంచెం అప్పు చేసైనా సర్వో మెషిన్ తీసుకోవాలా? లేక దీన్నే బాగు చేసుకోవాలా?

బళ్ళారి_చౌరస్తా (కర్నూలు):
అమ్మేయ్ తమ్ముడూ, ఆలోచించకు. స్టెప్పర్ మోటారుకి తను ఎక్కడుందో తెలియదు. కంప్యూటర్ ఇన్ని అడుగులు వెయ్యమంటే వేస్తుంది, మధ్యలో ఒకటి తప్పినా చూసుకోదు. సర్వోకి తను ఎక్కడుందో చూసుకునే ఎన్‌కోడర్ ఉంటుంది, తప్పితే సరిదిద్దుకుంటుంది. నువ్వు పాడు చేసే వినైల్ (స్టిక్కర్ షీటు) ఖర్చు, కస్టమర్ దగ్గర పోయే మాట లెక్క వేసుకుంటే అప్పే నయం. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లకు హై సెక్యూరిటీ నంబర్ ప్లేట్లు వస్తున్నాయి. నంబర్ల పని మా అందరికీ తగ్గిపోయింది. మిగిలిన పని నీట్‌గా ఇస్తేనే గిట్టుబాటు.

పాతకత్తి (కడప):
చౌరస్తా అన్నా, అబ్బాయి నాలుగు రోగాలు చెప్తే మెకానిక్, మీరు కలిసి తలనొప్పికీ కాలి ముల్లుకూ ఒకటే మందు రాసిచ్చినట్టుంది.

బోర్డు పోతే ఎడమ వైపు బాగా, కుడి వైపు బాగోకుండా ఎందుకు తెగుతుంది? బ్లేడు అదే, ఫోర్సు అదే. మారింది చోటు ఒక్కటే. కాబట్టి ఆ చోటును చూడాలి. బ్లేడు కింద పొడవునా ఒక తెల్ల స్ట్రిప్ ఉంటుంది, మేం టెఫ్లాన్ పట్టీ అంటాం. చాలా మెషిన్లలో పని కుడి వైపు నుంచే మొదలవుతుంది. చిన్న చిన్న స్టిక్కర్లన్నీ అక్కడే కోసి కోసి పాత ఓనర్ ఆ చోట గాడి పెట్టి ఉంటాడు. అక్కడ వినైల్ కిందికి కుంగుతుంది, బ్లేడు లోతుకి అందదు. కరెంటు తీసేసి, గోరుతో పట్టీ మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా గీసి చూడు. గాడి ఉంటే గోరు ఆగుతుంది.

పట్టీ బాగుంటే, బ్లేడుని పట్టుకున్న హెడ్ నడిచే రెయిల్ చూడాలి. ఒక వైపు పైకి లేచి ఉందేమో. మెషిన్ స్టాండు మీద సమంగా కూర్చుందో లేదో కూడా చూడు.

ఒకే సైజు చతురస్రం ఎడమ, మధ్య, కుడి మూడు చోట్లా కోసి పీకి చూడు. తప్పు చోటుని పట్టుకుని ఉందా, అక్షరం ఆకారాన్ని పట్టుకుని ఉందా, ఎక్కడైనా ఎప్పుడైనా వస్తోందా, అది తేల్చుకోకుండా మెషిన్‌ని తిట్టొద్దు.

కొరెల్_అక్క (అనంతపురం):
తెలుగు అక్షరాల్లో గీతల సంగతి నేను చెప్తా. దానికీ మెషిన్‌కీ ఏ సంబంధం లేదు తమ్ముడూ, లక్ష రూపాయల మెషిన్‌లో వేసినా అవే గీతలు పడతాయి. అను ఫాంట్లలో (డీటీపీలో వాడే తెలుగు ఫాంట్లు) తలకట్టు, గుడి, ఒత్తు విడివిడి ముక్కలు. ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. స్క్రీన్ మీద నల్లగా ఒకటే అక్షరంలా కనిపిస్తుంది. ప్రింటర్‌కి అది చాలు. ప్లాటర్ మాత్రం రంగు చూడదు, అంచులనే చూస్తుంది. లోపల ఒకదాన్ని ఒకటి దాటే అంచుల్ని కూడా కోసేస్తుంది.

కొరెల్‌డ్రాలో కంట్రోల్ క్యూ కొట్టి కర్వ్స్‌గా మార్చు, తర్వాత వెల్డ్ చెయ్యి, అంటే ముక్కల్ని కలిపి ఒకటే ఆకారం చెయ్యి. చేశాక వ్యూలో, అంచులు మాత్రమే కనిపించే వైర్‌ఫ్రేమ్ పెట్టి ఒక్కో అక్షరం చూడు. ఒత్తు దూరిన చోట ఇంకా గీత ఉంటే ఆ ముక్కల్ని విడదీసి మళ్ళీ వెల్డ్ చెయ్యాలి. విడదీసేటప్పుడు సున్నా లోపలి ఖాళీ మూసుకుపోకుండా చూసుకో. ఇక్కడే చాలామందికి అక్షరాలు ముద్దలవుతాయి. వైర్‌ఫ్రేమ్‌లో ఏది కనిపిస్తే అదే తెగుతుంది. అందుకే నేను పని పంపేముందు కలర్‌లో అసలు చూడనే చూడను.

ఇంకొకటి. దొరికిన బొమ్మని ట్రేస్ చేసి నేరుగా పంపితే అంచు నిండా నోడ్లే (గీతను కలిపే చుక్కలు). మెషిన్ గడగడా వణుకుతూ కోస్తుంది. అది చూసి బేరింగు పోయిందనుకునేవాళ్ళు ఉన్నారు.

బళ్ళారి_చౌరస్తా (కర్నూలు):
వెల్డ్ సంగతి ఒప్పుకుంటా అక్కా, అది ఫైలు తప్పే. మరి మూలల సంగతి? మధ్యలో ఆగిపోవడం? వాటికి ఏం సమాధానం?

పుల్లంపేట_బాబు:
బ్రో ఫోర్సు పెంచు, బ్లేడు ఇంకొంచెం బయటికి తియ్యి. నాకు అంతే పని చేస్తుంది 👍

పాతకత్తి (కడప):
బాబూ, ఆ సలహా కొత్తవాళ్ళకి ఇవ్వొద్దు. మామూలు వినైల్ మందం మిల్లీమీటర్‌లో పదో వంతు కూడా ఉండదు, 80 మైక్రాన్ల దగ్గర. దానికి బ్లేడు పెన్సిల్ ములుకులా బయటికి రావాల్సిన పనే లేదు. బ్లేడు ఉండే హోల్డర్‌ని చేత్తో పట్టుకుని తుక్కు ముక్క మీద గట్టిగా గియ్యి. వినైల్ తెగి, వెనక పేపర్ మీద సన్నటి గీత మాత్రం పడాలి. చేత్తో ఎంత నొక్కినా పేపర్ తెగకూడదు. అక్కడ ఆపి నట్టు బిగించు. ఆ తర్వాతే ఫోర్సు, అదీ తక్కువ నుంచి మొదలుపెట్టి కొద్ది కొద్దిగా. మామూలు వినైల్‌కి ఎక్కువ మెషిన్లలో 80 నుంచి 120 గ్రాముల మధ్య సరిపోతుంది.

ఇక మూలలు. బ్లేడు మొన హోల్డర్ నడిమధ్యన ఉండదు, ఒక పక్కకి ఉంటుంది. మామూలు 45 డిగ్రీల బ్లేడుకి ఆ దూరం సుమారు 0.25 మిల్లీమీటర్లు. దాన్నే ఆఫ్‌సెట్ అంటారు. సాఫ్ట్‌వేర్‌లోనో మెషిన్ మెనూలోనో ఇది ఉండాల్సిన దానికన్నా తక్కువుంటే మూలలు గుండ్రంగా అవుతాయి, అక్షరం మొదలు, చివర కలవవు. ఎక్కువుంటే మూలల్లో చిన్న కొమ్ములు వస్తాయి. నీకు గుండ్రంగా వస్తున్నాయి అన్నావు కాబట్టి ముందు ఆఫ్‌సెట్ సున్నా ఉందేమో చూడు. బ్లేడు బయటికి తీసి వేళ్ళతో తిప్పి చూడు, నూలు పోగు ఇరుక్కుని తిరక్కపోయినా ఇదే వస్తుంది.

బ్లేడు కొత్తదేనా, పాత ఓనర్ ఇచ్చిందేనా? అతను నిజం రేడియం, అంటే లైటు పడితే మెరిసే షీటు కోసి ఉంటే బ్లేడు అయిపోయినట్టే. అందులో సన్నటి గాజు పూసలుంటాయి, మొనను తినేస్తాయి. మన ఊళ్ళలో ప్రతి స్టిక్కర్‌నీ రేడియం అనే అంటారు కాబట్టి అమ్మినవాడిని అడిగినా తేలదు.

వైర్లు_చూసేవాడు (కర్నూలు):
మధ్యలో ఆగడం గురించి. ప్రతిసారీ ఒకే ఫైలు ఒకే చోట ఆగితే ఫైలు చూడు. చిన్న ఫైళ్ళు బాగా వచ్చి పెద్దవే తప్పితే ఫ్లో కంట్రోల్ చూడు. మెషిన్ మెమరీ నిండితే కంప్యూటర్‌కి "ఆగు" అని చెప్పేది అదే, కుదరకపోతే డేటా పోతుంది. ఏ లెక్కా లేకుండా ఎక్కడంటే అక్కడ ఆగితే స్టాటిక్ (రాపిడికి పుట్టే కరెంటు), ఎర్తింగ్, యూఎస్‌బీ కేబుల్ అనుమానించు. మన సీమలో గాలి పొడి. రోల్ విప్పుతుంటేనే చేతి వెంట్రుకలు లేస్తాయి. ఆ స్టాటిక్‌కి పోవడానికి ఎర్తింగ్ దారి లేకపోతే కనెక్షన్ తెగుతుంది. మూడు పిన్నుల ప్లగ్గుని రెండు పిన్నుల సాకెట్‌లో పెట్టే కన్వర్టర్ వాడుతున్నావా? ముందు అది తీసేయ్. ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించు, నువ్వు చెయ్యి పెట్టొద్దు. కేబుల్ పొట్టిది వాడు. ల్యాప్‌టాప్ నిద్రపోకుండా సెట్టింగ్ మార్చు.

అనంత_కుర్రోడు (అనంతపురం):
పాతకత్తి అన్నా, గోరు పెట్టి చూశా. కుడి వైపు జానెడు మేర గాడి ఉంది, గోరు ఆగుతోంది. చతురస్రాలు కూడా అక్కడ పడ్డవే తెగలేదు. ఆఫ్‌సెట్ మెనూలో 0 ఉంది, 0.25 పెట్టాక మూలలు వచ్చాయి. అక్కా, వెల్డ్ బాగా పనిచేసింది, కాకపోతే "శ్రీ" ఇంకా మొండికేస్తోంది. కన్వర్టర్ వాడుతున్న మాట నిజమే, సాకెట్ మార్పించాలి. ఆగడం ఇంకా ఉంది.

కొరెల్_అక్క (అనంతపురం):
"శ్రీ"కి మూడు నాలుగు ముక్కలుంటాయి, అన్నీ సెలెక్ట్ అయ్యాయో లేదో చూడు. అన్నట్టు, ఎండాకాలంలో కోసిన షీటు రేపు పీకుదాంలే అని పెట్టకు. గమ్ము మెత్తబడి కోసిన గీతలోకి మళ్ళీ అతుక్కుంటుంది, తెగలేదని నువ్వు ఫోర్సు పెంచుతావు.

బళ్ళారి_చౌరస్తా (కర్నూలు):
సరే, చిన్న స్టిక్కర్లు వస్తాయి. నేనేం కాదనను. కానీ షాపు అద్దానికి మూడు మీటర్ల పని వస్తే? అక్కడ స్టెప్పర్ రంగు బయటపడుతుంది. షీటు పక్కకి జరిగి చివరి అక్షరాలు వంకర పోతాయి.

పాతకత్తి (కడప):
షీటు పక్కకి జరగడం మోటారు తప్పు కాదన్నా. షీటుని పైనుంచి నొక్కే పించ్ రోలర్లు కింద గరుకు రోలర్ల మీదే కూర్చోవాలి, రెండింటి బిగువూ సమానంగా ఉండాలి. రోల్ నుంచి కావలసినంత ముందే విప్పి వదులుగా పెట్టుకోవాలి, లేకపోతే మెషిన్ బరువైన రోల్‌ని లాగుతూ జారుతుంది. కోసే ముందు ఆ పొడవంతా ఒకసారి ముందుకీ వెనక్కీ నడిపించి చూస్తే పక్కకి పోయేది అప్పుడే తెలుస్తుంది. అడుగులు తప్పితే వేరేగా కనిపిస్తుంది: ఒకచోట నుంచి మిగతా పనంతా ఒకేసారి పక్కకి జరుగుతుంది. స్పీడు తగ్గిస్తే అదీ చాలావరకు పోతుంది.

బళ్ళారి_చౌరస్తా (కర్నూలు):
స్పీడు తగ్గించి, ముందే నడిపించి, పక్కనే కాపలా కూర్చుని... ఆ టైములో నా మెషిన్ రెండు పనులు చేస్తుంది. టైముకి కూడా ఖరీదుంది కదా?

పాతకత్తి (కడప):
ఉంది. పని నిండా ఉన్నవాడికి. వీడికి ఇప్పుడు ఉన్నది టైమే, లేనిది డబ్బు. వడ్డీ కట్టే మెషిన్ మీద పని నేర్చుకోమంటారా?

బళ్ళారి_చౌరస్తా (కర్నూలు):
నేనైతే అదే చేశా. తమ్ముడూ, పట్టీ మార్చు. పాత గమ్ము థిన్నర్‌తో పూర్తిగా తుడిచాకే కొత్తది అతికించు, ఎక్కడా ఉబ్బు ఉండకూడదు. తర్వాత మూడు మీటర్ల ముక్క మీద ఆ చివర, ఈ చివర ఒక్కో చతురస్రం కోసి, షీటు అంచు నుంచి రెండూ ఎంతెంత దూరంలో పడ్డాయో స్కేలు పెట్టి ఫోటో పెట్టు. రెండు మిల్లీమీటర్లకి మించి తేడా ఉంటే నా మాట విను. లేకపోతే ఆయన మాట విను.

అనంత_కుర్రోడు (అనంతపురం):
సరే అన్నా. పట్టీ ఇక్కడ దొరకలేదు, బెంగళూరు నుంచి తెప్పిస్తున్నా. అంతవరకు పనులు ఎడమ వైపే వేసుకుంటా.